బహిష్కృత కవి యిల్లు



దేశమునుండి వెడలగొట్టబడిన రచయిత పెక్కేండ్లకు మరల తన గడ్డపై అడుగిడుటను చూపెడి డాక్యుమెంటరీ చిత్రములు నేడు అనేక భాషలలో వచ్చుచున్నవి. వానిలో పూలదండలు, సభలు, పాతవీథిలో నొంటరినడక తప్పక యుండును. ఆయన లేని యేండ్లలో ఆ యింట పొయ్యి యెట్లు రాజినదో చూపుట మాత్రము అరుదు.

మన తెలుగునాట ఇట్టి చిత్రమునకు దగిన చరిత్ర కాళోజీ నారాయణరావుగారిది. వారు 1914 సెప్టెంబరు 9వ తేదీన బిజాపూరు జిల్లా రట్టిహళ్ళిలో జన్మించి, ఓరుగల్లు చెంత మడికొండలో పెరిగిరి. వరంగల్లు కోటలో జాతీయపతాక మెగురవేయ యత్నించిరను నేరముపై నైజాము ప్రభుత్వము వారికి నగరబహిష్కరణ శిక్ష విధించెను. సముద్రములు దాటించిన ప్రవాసము కాదిది. తన గడపయే తనకు నిషిద్ధమగుట. చేరువనుండియు పోరాని ఊరు దూరదేశముకంటె నెక్కువగ బాధించునని నా తలంపు. వారికి 1940లో రుక్మిణీబాయిగారితో వివాహమైనది. తమ్ముని భారమంతయు మోసినవారు అన్నగారగు రామేశ్వరరావుగారు. 2023లో ప్రభాకర్ జైనిగారి దర్శకత్వమున ‘ప్రజాకవి కాళోజీ’ యను చిత్రము వెలువడినది. అది నటులు నడిపిన కథాచిత్రము. డాక్యుమెంటరీ పని వేరు. ఆ దినములలో ఇంటికి సరకు లెవరు తెచ్చిరి? ఇరుగుపొరుగువారు పలుకరించిరా, గడప త్రొక్క వెఱచిరా? వ్రాతకాగితము లేపెట్టెలో దాగెను? ఈ ప్రశ్నలు దానివి.

మా దమ్మపేటనుండి భద్రాద్రికి పోవువారిలో పలువురు పర్ణశాలను గూడ దర్శించి వత్తురు. అచ్చట రాతిపై సీతమ్మవారు నారచీర లారవేసిన గుర్తులని చూపుదురు. వనవాసము చేసినవారికి గుర్తులు కలవు. అయోధ్యలో నిలిచిపోయిన ఊర్మిళకు శిల లేదు. ఆమెకు పాట నిచ్చినవారు మన స్త్రీలే. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పదునాలుగేండ్లకు వచ్చిన లక్ష్మణుని ఆమె గుర్తింపక, పరపురుషుడని భ్రమించి మందలించును. తిరిగివచ్చుట యనగా ఊరు చేరుటయే కాదు, ఇంటివారిచే మరల గుర్తింపబడుట యని ఆ పాట కట్టిన తల్లులకు ఏ కెమెరాయు లేకయే తెలిసినది!

కాళోజీగారు తెనిగించిన ‘జీవనగీత’ ఖలీల్ జిబ్రాన్ గ్రంథము. అందలి ప్రవక్త పరాయినగరమున పండ్రెండేండ్లు తన దీవికి పోవు నోడకై యెదురుచూచును. జిబ్రాన్ సంగతియు అట్టిదే. 1895లో తల్లి కమీలా నలుగురు బిడ్డలతో లెబనాను విడిచి అమెరికాలోని బోస్టను చేరి, బట్టల మూట మోసి యిల్లిల్లు తిరిగి యమ్మెను. చెల్లెలు మరియానా కుట్టుపనిచే అన్నకు ఆధారమయ్యెను. 1931లో న్యూయార్కున మరణించిన పిదప ఆతని శరీరము స్వగ్రామమగు బిషర్రీ చేరెను. ఆ సమాధిని దర్శించువారిలో ఆ బట్టలమూటను దలచువా రెందరో!

తెలంగాణ సాయుధపోరాటకాలమున మా వైపు అడవులలోనికి పోయినవారును గలరు. ఆ పోరాటములోని స్త్రీల మాటలను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథముగా 1986లో ప్రకటించిరి. ఉపన్యాసములలో దొరకని సంగతులు అందు దొరకును. చంటిబిడ్డ నెవరికి అప్పగించి పోవలె నను చింత యుద్ధచరిత్రలో నెవరు వ్రాసిరి?

ఆ కాలమును కన్నులార చూచిన ముదుసళ్లు నేడు ఎనుబది దాటినవారు. అట్టివారు మీ యింట నున్నచో, చిత్రకారుడు పట్టణమునుండి వచ్చునని వేచియుండకుడు. మీ చేతి ఫోనునందే చిత్రము తీయవచ్చును. దీపము పెట్టినవేళ కంటె మధ్యాహ్నము భోజనమైన పిదప వారు తీరికగ మాటలాడుదురు. ఎవరు పోయిరని యడుగుటకు ముందు, నాడు ఇంట ఏమి వండుకొంటిరని యడిగి చూడుడు.