రాతిలో బందీ అయిన వాయువు

రాయపూర్ రైల్వేస్టేషన్ దగ్గరి గుఢియారీ అయినా, నగరం చుట్టూ ఉన్న మైదానమైనా, బోరు లోతుకు దిగితే చాలాచోట్ల పైకి చిమ్మేది బూడిదరంగు సున్నపురాతి పొడే. దానిపై ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ఆ నురగలో బయటపడేది కార్బన్ డయాక్సైడ్. దాదాపు వంద కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడున్న లోతులేని సముద్రం అడుగున బందీ అయిన వాయువు అది. కడప, కర్నూలు, పల్నాడు ప్రాంతాల సున్నపురాళ్లదీ ఇదే తరహా పుట్టుక.

భూమి తన వేడిని అదుపులో పెట్టుకునే పద్ధతి ఈ రాళ్లలోనే కనిపిస్తుంది. అగ్నిపర్వతాలు కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతాయి. వాన దాన్ని కరిగించుకుని కొండరాళ్లను కొద్దికొద్దిగా అరగదీస్తుంది. ఆ ఖనిజాలను నదులు సముద్రానికి చేరిస్తే అక్కడ సున్నపురాయి తయారవుతుంది. వేడి పెరిగితే రాళ్లు వేగంగా అరుగుతాయి, గాలిలోని వాయువు తగ్గుతుంది, భూమి చల్లబడుతుంది. చిక్కల్లా ఒకటే. ఈ సర్దుబాటుకు లక్షల ఏళ్లు పడుతుంది.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా అనే వాదనకు ఛత్తీస్‌గఢ్‌లోనే సాక్ష్యముంది. గోండుల నేల పేరు పెట్టుకున్న గోండ్వానా ఖండం సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం దక్షిణ ధ్రువానికి చేరువలో మంచు కింద ఉండేది. ఆ మంచు కరిగాక చొచ్చుకొచ్చిన సముద్రపు జీవుల శిలాజాలు మనేంద్రగఢ్ వద్ద హస్దేవ్ నది ఒడ్డున ఉన్నాయి. ఆ తర్వాత పెరిగిన అడవులే కోర్బా బొగ్గయ్యాయి. మార్పు నిజమే, కానీ వేగం వేరు. కోట్ల ఏళ్లపాటు పేరుకున్న కార్బన్‌ను మనిషి రెండున్నర శతాబ్దాల్లో తవ్వి తగలబెడుతున్నాడు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ 2024 నాటికి 420 దాటింది. అగ్నిపర్వతాలు ఏటా వదిలేది మనిషి వదిలేదాంట్లో వందో వంతు కూడా లేదు.

బొగ్గు సంగతి అందరికీ తెలిసిందే. రాయి సంగతే తక్కువమందికి తెలుసు. బలౌదాబాజార్ వంటి చోట్ల సిమెంటు బట్టీల్లో 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే మిగిలే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తాయి. బట్టీని సౌరవిద్యుత్తుతో నడిపినా ఇది ఆగదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7-8 శాతం.

బొగ్గు, సున్నపురాయి ఈ రాష్ట్రానికి ఆదాయం, వేలాది కుటుంబాలకు కూడు. అదే రాష్ట్రం ధాన్ కా కటోరా, అంటే వానను నమ్ముకున్న వరిగిన్నె. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది. కురిస్తే కుండపోత, లేదంటే ఎండ. గని జీతం, పొలం గింజ ఒకే ఇంటికి చేరే ఊళ్లలో ఈ లెక్క తేలిక కాదు.

దారులు లేకపోలేదు. ఉక్కు కొలిమి స్లాగ్‌ను, విద్యుత్కేంద్రాల బూడిదను కలిపితే సిమెంటులో కాల్చిన సున్నపురాయి వాటా తగ్గుతుంది. కానీ బొగ్గు వాడకం తగ్గేకొద్దీ ఆ బూడిదా తగ్గుతుంది. అందుకే కాల్చిన బంకమట్టితో చేసే సిమెంటుపై ఇప్పుడు దృష్టి పడింది. ఆ మార్పు ఎంత త్వరగా బట్టీలకు చేరుతుందన్నదే ప్రశ్న. రాళ్లు తమ పని తాము చేసుకుపోతాయి, అయితే మనిషి తొందర వాటికి పట్టదు.