ఆడేవాళ్లు కొందరు... కట్టేవాళ్లు కొందరు!

'ఇంకెంతసేపురా ఆ ఆట' అని కేకలు వినపడని ఇల్లు ఈ రోజుల్లో అరుదే. అయితే కంప్యూటర్‌ ముందున్న పిల్లాడు ఆడుతున్నాడా, కడుతున్నాడా? అది కూడా చూడాలి. కట్టడమేంటి అంటారా... చదవండి.

'మారోవిండ్‌' అని ఓ వీడియోగేమ్‌ ఉంది. మాంత్రికులూ వింత జీవులూ తిరిగే ఊహాలోకంలో ఆటగాడు తనకు నచ్చిన దిక్కుకు వెళ్లొచ్చు. బెథెస్డా అనే అమెరికా సంస్థ 2002లో దాన్ని విడుదల చేసింది. ఆ కథలోని దేశం పెద్దదే కానీ, ఆటలో కనిపించేది నడుమనున్న ఓ ద్వీపమే. చుట్టూ ఉన్న నేల సంగతేంటి? ఆ వెలితిని పూరించే పనిని అభిమానులే నెత్తినేసుకున్నారు. ఆట విడుదలకు ముందే, 2001లో 'టామ్రియల్‌ రీబిల్ట్‌' పేరుతో జట్టుకట్టారు. మొదట ఖండమంతా కట్టాలనుకున్నారు. అది అయ్యేపని కాదని తెలిశాక ఒక్క దేశానికి పరిమితమయ్యారు. పాతికేళ్లు కావస్తున్నా పని సాగుతూనే ఉంది. 2025లో నార్సిస్‌ అనే మహానగరం అందులో చేరింది.

మన నిర్మల్‌ కొయ్యబొమ్మ ఎలా తయారవుతుందో తెలుసుగా! పొనికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికించి, రంగులద్దుతారు. ఇక్కడా అంతే. నేలను చదరపు గళ్లుగా పంచుకుంటారు. ఒకరు కొండలూ వాగులూ మలుస్తారు. ఒకరు ఇళ్లలో గదులు సర్దుతారు. ఇంకొకరు ఊరివాళ్ల మాటలు రాస్తారు. ఒకరు చేసింది మరొకరు తనిఖీ చేస్తారు. కొత్తగా చేరేవాళ్లు ముందు ఓ గదిని అమర్చి పనితనం చూపించాలి. ఇంతా చేస్తే జీతం... సున్నా! ఆటకు తోడుగా దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

అన్నిసార్లూ కథ ఇలా సాఫీగా సాగదు. లోకం అభిమానులు కట్టినా హక్కులు కంపెనీవే మరి. 'మెట్రాయిడ్‌ 2' అనే పాత ఆటను ఓ అభిమాని ఏళ్ల తరబడి శ్రమించి కొత్తగా తీర్చిదిద్ది 2016 ఆగస్టులో ఉచితంగా విడుదల చేశాడు. రోజులు గడవకముందే నింటెండో సంస్థ నోటీసులిచ్చి డౌన్‌లోడ్లు ఆపించింది. పరాయి స్థలంలో ఇల్లు కడితే ఉండే చిక్కే ఇది.

మరి సొంత స్థలంలో కడితే? కరీంనగర్‌ పక్కనే మానేరు ఒడ్డున ఎలగందుల ఖిల్లా ఉంది. నిర్మల్‌ చుట్టూ కోటలున్నాయి. ఆదిలాబాద్‌ అడవుల్లో కడెం వాగు మీద కుంటాల జలపాతం దూకుతోంది. ఏ ఊహాలోకానికీ తీసిపోని చోట్లివి. త్రీడీ బొమ్మలు మలిచే 'బ్లెండర్‌', ఆటలు తయారుచేసే 'గోడో' సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. కోట గోడల కొలతలు తీసుకుని, ఫొటోలు పట్టుకొచ్చి, తాతయ్యల నోట విన్న కథలు జోడిస్తే... దేశాంతరంలో ఉన్న మేనకోడలు కూడా కంప్యూటర్‌లోనే ఖిల్లా మెట్లెక్కుతుంది. ఆ ఖిల్లా చరిత్ర మీద ఏ కంపెనీకీ హక్కుల్లేవు, నోటీసుల భయమూ లేదు.

ఇంతకీ మీ ఇంట్లో ఆ కేక మళ్లీ వినిపించేముందు ఒక్కసారి తెర వైపు తొంగిచూడండి. అక్కడ ఓ బురుజు లేస్తుంటే మాత్రం... మరో అరగంట ఇవ్వొచ్చు!