ఆ ఖజానాకు మేం వారసులం కాము

మమ్మల్ని 'నవాబుగారూ' అని పిలవడం మానెయ్యండి. ముందు ఆ మాట చెప్పాలి. గోదావరి జిల్లాల్లో వెటకారం కాస్త తియ్యగా ఉంటుంది. 'గారు' తగిలించి మరీ పొడుస్తారు. తణుకులో సైకిళ్లు బాగుచేసే సాయిబు ఒకరోజు ఆలస్యంగా షాపు తెరిస్తే 'ఏం నవాబుగారూ, ఇప్పుడు తెల్లారిందా?' అంటారు. పరుపులు కుట్టే దూదేకుల ముసలాయన పండక్కి కొత్త లుంగీ కడితే అదే మాట. అనేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. మీవాళ్లు ఏలారు, బంగారు పళ్లేల్లో తిన్నారు, ఇక చాలు అన్న లెక్క. రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు ఈ లెక్క బాహాటంగా బయటికొస్తుంది. 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం ఇస్తూ చట్టం చేసినప్పుడు 'వందల ఏళ్లు ఏలినవాళ్లకు రిజర్వేషనేంటండీ?' అన్నవాళ్లలో కాషాయం వాళ్లే కాదు, ఇంట్లో ఎర్ర పుస్తకాలున్న నా మిత్రులూ ఉన్నారు.

అందుకే ఆ బంగారం లెక్కేదో తేల్చుకుందాం.

నిజాం నగలు 173. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ట్రస్టుల్లో పెట్టిన వాటిని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొంది. 2001లోనూ 2006లోనూ హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. రెండోసారి పెట్టినప్పుడు నేనూ వెళ్లి చూశాను. సర్పేచ్‌లు, బాజూబందులు, ఏడు పేటల బస్రా ముత్యాల సత్‌లడా, చెక్కి పొదగని పచ్చలు, ఇంకా 184 కేరట్లు దాటిన జాకబ్ వజ్రం. తండ్రి మహబూబ్ అలీఖాన్ చెప్పు ముందుభాగంలో ఆ వజ్రం దొరికిందనీ, ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాల మీద బరువుకు పెట్టుకునేవాడనీ అందరూ చెప్పుకునే కథే. క్యూలో నా వెనక ఒక పెద్దాయన, అతుకులేసిన షేర్వానీలో ఉన్నాడు, మనవడితో అంటున్నాడు: 'దేఖ్ బేటా, హమ్ క్యా థే.' చూడరా, మనం ఎలా ఉండేవాళ్లమో!

హమ్ అంటే ఎవరు చాచా? అని అడగాలనిపించింది. పెద్దాయన కళ్లల్లో తడి చూసి ఊరుకున్నాను. ఆయన్ని అడగలేనిది ఇక్కడ అడుగుతున్నాను.

మా తణుకు నుంచే మొదలుపెడతా. ఈ గోదావరి ప్రాంతం ఉత్తర సర్కారుల్లో భాగం. 1766 ఒప్పందంతో నిజాం అలీఖాన్ సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ కట్టాలి. 1823లో ఒక్కసారిగా సొమ్ము ముట్టజెప్పి కంపెనీ ఆ బాకీ కూడా తెంపేసుకుంది. అంటే తణుకు సాయిబు తాతముత్తాతలు రెండున్నర శతాబ్దాల కిందటే నిజాం చేతిలోంచి జారిపోయారు. ఆ మధ్య కాలంలో హైదరాబాదు ఖజానాకు ఇక్కణ్ణుంచి ఏదైనా చేరిందంటే అది ఈ పొలాల్లో పండిన వడ్ల సొమ్మే. ఆ వడ్లు పండించినవాళ్లలో మాలా, మాదిగా, కాపూ, సాయిబూ అందరూ ఉన్నారు. ఖజానా నుంచి మాకు వచ్చింది ఏమీ లేదు, మా నుంచి ఖజానాకే వెళ్లింది. మరి నవాబు అనే పిలుపు మాకెలా సంక్రమించింది? పేర్లు ఒకలా ఉన్నందుకా?

ఇప్పుడు మావాళ్లతో. వాళ్లతోనే ఎక్కువ మాట్లాడాలి.

ఈమధ్య మా కుర్రాళ్లకు నిజాం కూడా చాలడం లేదు, ఇస్తాంబుల్ దాకా వెళ్తున్నారు. ఉర్దూలోకి డబ్ చేసిన తుర్కీ సీరియళ్లు ఫోన్లలో చూసి, ఎర్తుగ్రుల్ బొమ్మ పెట్టుకుని, ఉస్మానియా సుల్తానుల పచ్చల ఉంగరాల గురించి అవేవో పెదనాన్న ఆస్తి అన్నట్టు మాట్లాడుతున్నారు. పెళ్లిళ్లలో ఆ సీరియల్లో రాణులు వేసుకున్నలాంటి కిరీటాలు, గిల్టువే, అద్దెకు తెస్తున్నారు. సరదాకైతే నాకేం పేచీ లేదు. చరిత్ర అంటేనే పేచీ.

తోప్‌కాపీ మహల్లో ఒక ఖంజరు ఉంది. పిడికి మూడు పెద్ద పచ్చలు, పైన పచ్చ మూత, మూత కింద గడియారం. సుల్తాన్ మొదటి మహమూద్ దాన్ని ఇరాన్ నాదిర్‌షాకు కానుకగా చేయించాడు. 1747లో అది దారిలో ఉండగానే నాదిర్‌షాను సొంత మనుషులే చంపేశారు. ఖంజరు వెనక్కి వచ్చింది. నాదిర్‌షా అంటే ఎవరు? 1739లో ఢిల్లీని దోచి, ఒక్కరోజులో వేలమందిని నరికించినవాడు. ఆ చచ్చినవాళ్లలో మన కలిమా చదివేవాళ్లు ఎందరో. ఆ దోపిడీ తర్వాత అతను సుల్తానుకు పంపిన రత్నాల సింహాసనం కూడా తోప్‌కాపీలోనే ఉంది. ముస్లిం ఊరిని ముస్లిం రాజు దోచి మరో ముస్లిం రాజుకు కానుక పంపితే అందులో మన వాటా ఏది? చచ్చినవాళ్ల వాటానా, చంపినవాడి వాటానా?

పోనీ ఆ పనితనం చూసి గర్విద్దామా? గర్వించాల్సిందే. కానీ ఎవరి పనితనం? సుల్తాను కొలువులో కారీగర్ల జమాతును 'ఎహ్లె హిరఫ్' అనేవాళ్లు. కంసాలులు, రత్నాలు పొదిగేవాళ్లు, కత్తులకు బంగారు తీగ దిగేసేవాళ్లు, జిల్దు కట్టేవాళ్లు, అందరికీ రోజుకూలి లెక్కన జీతం. సులేమాన్ కాలం నాటి జీతాల చిట్టాలు ఇంకా ఉన్నాయి. వాటిలో తబ్రీజ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. 1514లో సలీం ఆ ఊరు గెలిచినప్పుడు పనివాళ్లను వెంటబెట్టుకు వచ్చాడు. బోస్నియావాళ్లు, జార్జియావాళ్లు, ఆర్మీనియన్లు ఉన్నారు. ఇస్తాంబుల్ బజారులో కంసాలి పని ఆర్మీనియన్ల చేతుల్లోనే చాలావరకు నడిచింది. వాళ్లు క్రైస్తవులు. 1915లో వాళ్లకేం జరిగిందో కూడా చదువుకోవాలి బేటా, సీరియల్లో చూపించరు.

నిజాంకూ ఉస్మానియా ఖలీఫాకూ బంధుత్వం కలిసింది 1931లో. అంతకు ఏడేళ్ల ముందు, 1924 మార్చిలో, ముస్తఫా కమాల్ ఖిలాఫత్‌ను రద్దుచేసి అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించాడు. ఆ ఖిలాఫత్‌ను నిలబెట్టాలని ఈ దేశంలో మన ముత్తవ్వలు ఒంటిమీద నగలు ఊడదీసి చందా ఇచ్చారు. వెండి కడియాలూ ముక్కుపుడకలూ ఇచ్చిన ఆ బీదవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఫ్రాన్సులో తలదాచుకున్న ఖలీఫాకు నిజాం నెలనెలా పింఛను పంపాడు. తర్వాత ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్‌ను నీస్ నగరంలో నిజాం పెద్దకొడుకు ఆజంజాకు, మేనకోడలు వరసయ్యే నీలోఫర్‌ను రెండోకొడుకు మొఅజ్జంజాకు చేశారు. వాళ్లిద్దరినీ నేను చిన్నబుచ్చను. నీలోఫర్ పేరు ఒక ఆస్పత్రి మీద ఉంది, అక్కడ బీదవాళ్ల పిల్లలు పుట్టారు, బతికారు. ఖజానా నుంచి జనానికి తిరిగొచ్చిన కొద్దిలో అదొకటి. అయితే ఆ పింఛనూ ఆ పెళ్లి నగలూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? వెట్టి చేసిన తెలంగాణ రైతు కట్టిన శిస్తులోంచి.

ఆ వెట్టి మీద, ఆ భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడి గెలిచి, 1940లో హత్యకు గురైంది కామారెడ్డిగూడెం షేక్ బందగీ. 'మా భూమి' నాటకంలో వీరుడు అతనే. రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో ప్రాణం పోగొట్టుకున్నది ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. నా వృత్తివాడు, నా భాషవాడు. వారసత్వం కావాలంటే వీళ్లు లేరా? జాకబ్ వజ్రమే కావాలా?

1948 సెప్టెంబరు గురించి ఒక్క మాట. సైన్యం వస్తున్న రోజుల్లో నిజాం సర్కారు సొమ్ము సుమారు పది లక్షల పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. అది పెరిగి పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఎవరికి చెందాలో 2019లో లండన్ కోర్టు తేల్చింది. అదే సెప్టెంబరులో, ఆ తర్వాత వారాల్లో, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలను ఊచకోత కోశారు. సుందర్‌లాల్ కమిటీ వేసిన అంచనా 27 వేల నుంచి 40 వేలు. వాళ్ల సంగతి ఏ కోర్టూ తేల్చలేదు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు, రాజభరణం తీసుకున్నాడు, నగలు ట్రస్టుల్లో భద్రంగా పెట్టుకున్నాడు. నవాబు చేసిన దానికి జులాహా, కసాయి, దూదేకుల చచ్చారు. నన్ను నవాబని పిలిచే మిత్రులకు ఈ వరస తెలియాలి.

మన అష్రాఫ్ పెద్దలు కూడా వినాలి. వంశవృక్షాన్ని అరేబియా దాకా గీసుకునే ఆ పెద్దలు ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాణ్ణి 'ఇతను ముసల్మానేనా' అన్నట్టు చూస్తారు. అతనికి పిల్లనివ్వరు. సుల్తాను మాత్రం మనవాడు! మగవాడికి బంగారం హరామని, బంగారు వెండి పాత్రల్లో తాగొద్దని చెప్పిన ప్రవక్త ఉమ్మత్‌కు బంగారు పళ్లేలు గర్వకారణం ఎలా అయ్యాయో ఏ ఆలిమ్ అయినా చెప్పాలి. జకాత్ కట్టాలంటే ఏడున్నర తులాల బంగారం ఉండాలి. మా మసీదు వీధిలో ఎన్ని ఇళ్లలో అంత ఉంది? ఉన్న కాస్తా జహేజ్‌కి పోతోంది, జోడే కీ రఖమ్ పేరుతో.

ఇక లౌకిక మిత్రులు. కోహినూరు మాట రాగానే 'మన తెలుగు వజ్రం' అంటారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేలమంది పనిచేసేవారని పదిహేడో శతాబ్దంలో చూసిన తవెర్నియే రాశాడు. అది తవ్వినవాళ్ల పొగరు, ఒప్పుకుంటాను. మరి ఆ రాళ్లే నిజాం తలపాగాకు ఎక్కేసరికి 'వాళ్ల' బంగారం ఎలా అయింది? తవ్వినప్పుడు తెలుగు, తొడిగినప్పుడు తురకా?

మనకు దగ్గర్లోనే నరసాపురం ఉంది. అక్కడి ఆడవాళ్లు అల్లిన లేసు దేశాలు దాటి దొరసానుల బల్లల మీద పరుచుకుంది. అల్లినవాళ్లకు ఏం దక్కిందో మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. లాడ్‌బజార్ లక్క గాజులు అంతే. బీబీలు ఇళ్లల్లో కూర్చుని వేడి లక్క మీద రాళ్లు అతుకుతారు, వేళ్లు కాలతాయి, డజన్ల లెక్కన కూలి. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు గాజులకు వచ్చింది. బీదరీ పనివాడు కోటమట్టితో జింకును నల్లబరిచి వెండి తీగను మెరిపిస్తాడు, కార్చోబ్ పనివాడు బంగారు జరీ కుడతాడు. అతను కుట్టిన షేర్వానీ అతని ఒంటిమీదికి ఏనాడూ రాలేదు. నేను ఈ చేతుల బిరాదరీ వాణ్ణి. నరసాపురం లేసు అల్లే క్రైస్తవ అక్క నాకు ఇస్తాంబుల్ సుల్తాను కన్నా దగ్గర చుట్టం.

సచార్ కమిటీ 2006లో చెప్పిన లెక్క ఒకటుంది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65 శాతమైతే ముస్లింలలో 59. తర్వాత అంకెలు మారి ఉంటాయి, తేడాను చూడండి. సైకిల్ షాపు సాయిబు కొడుకు పదో తరగతి తర్వాత ఎటుపోవాలన్నది ఈ అంకెల్లోని ప్రశ్న. నాలుగు శాతం సరైనదేనా, ఎవరికి చేరుతోంది, మా అష్రాఫ్‌లు దాన్నీ తన్నుకుపోతున్నారా, ఏదైనా అడగండి. ఒక సాయంత్రం తణుకులో ఎక్కడైనా కూర్చుందాం, నేను సిద్ధం. షరతు ఒక్కటే, నిజాం నగల పెట్టె అక్కడికి తేవద్దు.