అవే 16, వేరు వేరు బల్లలు

దీపావళి వారం వచ్చిందంటే ఢిల్లీలో పేకాటకు పండుగ హోదా వస్తుంది. ఛత్తర్‌పూర్ ఫామ్‌హౌసుల్లోనూ, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలోనూ తీన్ పత్తీ నడుస్తుంది. ఇటీవలి కాలంలో దాని పక్కన పోకర్ కూడా చేరింది. కాలనీలో చిన్న పందేలకు ఆడి గెలిచినవాడు అదే ధీమాతో పెద్ద పందేల బల్ల దగ్గర కూర్చుని, తెల్లవారేసరికి జేబులు దులుపుకుని లేవడం అక్కడ వింతేమీ కాదు. పెద్ద బల్ల దగ్గర ముక్కలు మారవు, ఎదుటివాడి ముందున్న చిప్పుల కుప్ప మారుతుంది. చిన్న ఆటలో వెయ్యి పెంచితే అవతలివాడు జంకి ముక్కలు పడేస్తాడు. పెద్ద ఆటలో అదే వెయ్యికి చిరునవ్వు నవ్వి షో అడుగుతాడు.

తెలుగు నాయకులు నాలుగు దశాబ్దాలుగా ఢిల్లీలో ఆడుతున్న ఆటకు ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించలేదు.

తెలుగుదేశం పార్టీకి లోక్‌సభలో సరిగ్గా 16 స్థానాలు మూడుసార్లు వచ్చాయి: 1996లో, 2014లో, 2024లో. అదే సంఖ్య, మూడు వేర్వేరు విలువలు. 1996లో బీజేపీ 161 దగ్గర, కాంగ్రెస్ 140 దగ్గర ఆగిపోయాయి. ఎవరి ముందూ పెద్ద కుప్ప లేదు. ఆ 16తోనే చంద్రబాబు యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ అయ్యారు. ఫ్రంట్ నేతల మంతనాలకు ఆంధ్రాభవన్ కేంద్రమైంది. 2014లో బీజేపీ ఒంటరిగానే 282 గెలిచింది. అప్పుడా 16 ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆ సంగతి ఆయనకు తెలియదని ఎవరూ అనలేరు. తెలుసు కాబట్టే 2016లో ప్రత్యేక హోదా స్థానంలో ప్యాకేజీకి తలూపారు. 2018 మార్చిలో మాత్రం కేంద్రమంత్రుల చేత రాజీనామా చేయించి, కూటమి వీడి, అవిశ్వాసానికి దిగారు. జూలై 20న ఓటింగు జరిగింది: అనుకూలం 126, వ్యతిరేకం 325. హోదా డిమాండు న్యాయమైనదే. విభజన వేళ రాజ్యసభలో ప్రధాని ఇచ్చిన హామీ అది. కానీ ఆ పందెం పెంచినది ఢిల్లీ లెక్క చూసి కాదు, ఆంధ్రలో జగన్ పెంచుతున్న ఒత్తిడి చూసి. ఒక బల్ల దగ్గర కూర్చుని మరో బల్లకు సమాధానం చెప్పడమది. రమ్మీ ఆడేవారికి బాగా తెలుసు: మొదట్లోనే స్కూటు కొడితే పోయేది తక్కువ, మిడిల్ స్కూటుకు ఎక్కువ పాయింట్లు పడతాయి. (రమ్మీలో నైపుణ్యం ఉందనీ, మూడు ముక్కలాటలో ఉన్నది అదృష్టమేననీ సుప్రీంకోర్టు 1967లో చెప్పింది సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే!) 2014లో మంత్రి పదవులు తీసుకోకుండా బయట నిలబడి ఉంటే అది మొదటి స్కూటు. నాలుగేళ్లు ఆడి లేచినందుకు 2019లో పూర్తి మూల్యం పడింది: మూడు లోక్‌సభ స్థానాలు, 23 అసెంబ్లీ స్థానాలు.

కేసీఆర్ కథ ఇంతకంటే విచిత్రం. 2009లో టీఆర్‌ఎస్‌కు దక్కినవి రెండు లోక్‌సభ స్థానాలు, పది అసెంబ్లీ స్థానాలు. ఆ నవంబర్ 29న ఆయన దీక్షకు దిగారు. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. రెండు సీట్లవాడు కేంద్రాన్ని ఎలా కదిలించాడు? ప్రమాదంలో పడినవి ఆయన సీట్లు కావు. 206 స్థానాల కాంగ్రెస్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కటే 33 ఇచ్చింది. ఉద్యమం వీధుల్లోకి వచ్చాక కరిగిపోయేది ఆ కుప్ప. విద్యార్థులు ప్రాణాలొడ్డిన ఉద్యమాన్ని పేకాటతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ బలాన్ని ఢిల్లీలో నాయకుడు వాడిన తీరు గురించే చెబుతున్నాను. ఎదుటివాడి చిప్పులతో ఆడటంలో అంతటి నేర్పు నేను మరెక్కడా చూడలేదు.

అదే నాయకుడు 2022 అక్టోబర్ 5న, దసరా నాడు, పార్టీ పేరులోంచి తెలంగాణను తీసేశారు. ఖమ్మంలో ముగ్గురు ముఖ్యమంత్రులు, ఒక మాజీ ముఖ్యమంత్రితో పెద్ద సభ, నాందేడ్‌లో మరో సభ, 'అబ్ కీ బార్ కిసాన్ సర్కార్' నినాదం, ఢిల్లీ వసంత్ విహార్‌లో కార్యాలయ భవనం. ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు. కానీ లెక్క? తెలంగాణ మొత్తం ఊడ్చినా 17 స్థానాలు. 2019లో గెలిచినవి తొమ్మిది. 303 మీద కూర్చున్నవాడు ఈ పందేనికి ఎందుకు జంకాలి?

నా అనుమానం వేరే ఉంది. 119లో 88 గెలిచిన ముఖ్యమంత్రిని హైదరాబాద్‌లో షో అడిగేవారు ఉండరు. ఏళ్ల తరబడి ప్రతి పందేనికీ ఎదుటివారు ముక్కలు పడేస్తుంటే, అది తన ముక్కల గొప్పదనమేనన్న నమ్మకం కుదిరిపోతుంది. ఢిల్లీలో షో అడిగే లోపే ఇంట్లో ఆట ముగిసింది. 2023 డిసెంబర్‌లో 39 స్థానాలు, 2024 లోక్‌సభలో సున్నా.

ఇక్కడ ఇంకో మెలిక. పోకర్ గదిలో నిర్వాహకుడు పందెం నుంచి తన వాటా తీసుకుంటాడు, తాను ఆడడు. ఢిల్లీలో నిర్వాహకుడే ఎదుటి ఆటగాడు. గవర్నరు, దర్యాప్తు సంస్థలు, అప్పులకు అనుమతి, అన్నీ అతని చేతిలోనే. ఢిల్లీ మద్యం కేసులో 2024 మార్చి 15న ఈడీ కవితను అరెస్టు చేసింది; ఆగస్టు 27న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది, కానీ మధ్యలో లోక్‌సభ ఎన్నికలు జరిగిపోయాయి. ఇది బీజేపీ కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను గద్దె దింపినప్పుడు ఢిల్లీలో ఉన్నది కాంగ్రెస్. ఈ బల్ల దగ్గరికి వచ్చే ప్రాంతీయ నాయకుడు ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. చంద్రబాబు గత ఏడేళ్లలో ఆ పాఠం నేర్చినట్టే ఉన్నారు.

ఇప్పటి సంఖ్యలు చూడండి. 2024 ఫలితాల్లో ఎన్డీయేకు 293. తెలుగుదేశం 16 తీసేస్తే 277, మెజారిటీ 272. అంటే ఆయన ఒక్కరూ లేచి వెళ్లినా ప్రభుత్వం పడదు. జేడీయూ 12 కూడా పోతేనే 265కు దిగుతుంది. తన చేతిని పూర్తి చేసే ముక్క పక్కవాడి దగ్గర ఉందన్నమాట. అందుకే ఈసారి గొంతు పెంచలేదు: ఒక కేబినెట్ మంత్రి, ఒక సహాయమంత్రి, బడ్జెట్లో అమరావతికి 15,000 కోట్లు. విమర్శకులు దీన్ని లొంగుబాటు అంటున్నారు. నాకు ఇది లెక్క తెలిసిన ఆటగా కనిపిస్తోంది, కానీ గెలుస్తున్న పందేలు మరీ చిన్నవి. ఆ 15,000 కోట్లలో సింహభాగం ప్రపంచ బ్యాంకు, ఏడీబీల రుణం. హోదా మాట పూర్తిగా వినిపించడం మానేసింది.

పైగా ఆయన ధరను తగ్గిస్తున్నది అమరావతిలోని ప్రత్యర్థే. బీజేపీకి 250 దాటకుండా ఉంటే బాగుండేదని 2019 మేలో ఢిల్లీలో బహిరంగంగా చెప్పిన జగన్‌కు లెక్క బాగా తెలుసు. తెలిసీ కీలక ఘట్టాల్లో ఓట్లు ఉచితంగా ఇస్తూ వచ్చారు. 2025 సెప్టెంబర్ ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలుగువాడైన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి పోటీలో ఉండగా, వైసీపీ కూటమిలో లేకుండానే ఎన్డీయే అభ్యర్థికి ఓటేసింది. తెలుగుదేశమూ ఆయనకే వేసింది. బీఆర్‌ఎస్ ఓటింగుకే వెళ్లలేదు. ఒక కొట్లో ఉచితంగా దొరికే సరుకుకు పక్క కొట్లో ఎవరు వెలకడతారు?

అసలు పెద్ద పందెం ముందుంది. 1976 నుంచి స్తంభించిన లోక్‌సభ స్థానాల పంపకం 2026 తర్వాతి తొలి జనగణనతో మళ్లీ తెరుచుకుంటుంది. ఆ జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. జనాభా ఒక్కటే కొలమానమైతే ఆంధ్ర 25, తెలంగాణ 17 బరువు తగ్గుతాయి, బిహార్ బరువు పెరుగుతుంది. చంద్రబాబు చేతిని పూర్తి చేసే జేడీయూ ముక్క ఈ ఒక్క ఆటలో ఆయనకు కలవదు. కలిసేవి దక్షిణాదిలోనే ఉన్నాయి. 2025 మార్చి 22న ఈ అంశంపై చెన్నైలో జరిగిన సమావేశానికి రేవంత్‌రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ వెళ్లారు. తెలుగుదేశం వెళ్లలేదు, జగన్ ప్రధానికి లేఖతో సరిపెట్టారు. 2024 నవంబర్‌లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసింది. ఆ పిల్లలకు నడక వచ్చేసరికే జనగణన లెక్కింపు మొదలైపోతుంది.