పంచిన పాఠము

విద్య పంచినకొలది పెరుగునని పెద్దలందురు. 1987లో పవర్‌పాయింట్ వెలువడగా, మాటలను బొమ్మలను స్లైడులుగా కూర్చి సభకు చూపుట సులభమైనది. క్రమముగా వానికి ధ్వనియు, కదలు చిత్రములును తోడైనవి. 2006లో ప్రారంభమైన స్లైడ్‌షేర్ వంటి వేదికల వలన అట్టి ప్రదర్శనములు అంతర్జాలమున అందరికిని అందుచున్నవి. నగరమున ఒక అధ్యాపకుడు కూర్చిన పాఠమును మారుమూల పల్లెలోని విద్యార్థి చూడగలుగుట సామాన్యమైన మేలు కాదు.

అయినను, పంచినంతనే పని ముగిసినదని తలచుట పొరపాటు. తరగతిలో స్లైడు ప్రక్కన ఉపాధ్యాయుడు నిలిచి వివరించును. అంతర్జాలమున ఆయన యుండడు. గుండె బొమ్మను, నాలుగు బాణపు గుర్తులను మాత్రమే చూచిన బాలునకు ఏమి బోధపడును? కుడివైపు రక్తము ఊపిరితిత్తులకును, ఎడమవైపు రక్తము దేహమంతటికిని పోవునని ఒక్క వాక్యము వ్రాసినచో ఆ బొమ్మయే పాఠమగును. కావున పంచువారు ప్రతి స్లైడునకు వివరణము వ్రాయవలెను; లేదా తమ కంఠధ్వనిని చేర్చవలెను.

ఇది శ్రమయని కొందరందురు. ఒకరి గంటసేపటి శ్రమ పలువురి సందేహములను తీర్చునేని అది వ్యర్థము కాదు.

మరియొక ధర్మము కలదు. ఇతరుల చిత్రమును గ్రహించినవారు దాని కర్త పేరు తెలుపవలెను. దానిని వాడుకొనుటకు అనుమతి కలదో లేదో ముందుగా చూడవలెను. 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రములు ఇందుకు తోడ్పడును. పొరుగువాని తోటలోని పూలు కోసి, తనవని చెప్పి పంచుట దానమనిపించుకొనదు.

అర్థమగునట్లును, న్యాయముగను పంచినప్పుడే విద్య నిజముగా పెరుగును.