గాల్ఫు ఆటలో తుది భంగిమ

గాల్ఫు ఆటగాండ్ర చిత్రములలో అధికభాగము ఒక్క తీరుననే యుండును. బంతిని కొట్టియైన పిమ్మట క్లబ్బు భుజము మీదుగా వీపు వెనుకకు పోయి, నడుము లక్ష్యమువైపునకు తిరిగి, కుడికాలి మడమ పైకి లేచి, ఆటగాడు దూరమున పోవు బంతిని చూచుచు నిలిచియుండును. ఆ క్షణమున దేహము నిశ్చలముగా నుండుటచే చిత్రము తీయువానికి అది సులభము. చూచువారికిని ఇంపుగా నుండును. అందుచేతనే కాబోలు, ఈ తుది భంగిమయందే ఆటలోని మర్మమంతయు నున్నదనియు, దీని ననుకరించినచో బంతి చక్కగా పోవుననియు అనేకులు తలచుచున్నారు. శిక్షకులలో సైతము ఇట్టి తలంపు గలవారు లేకపోలేదు. ఇది కార్యమును కారణముగా భావించుటయే యని నా యభిప్రాయము.

మొదట లెక్క చూతము. క్లబ్బు తలయు బంతియు ఒకదాని నొకటి అంటియుండు కాలము సెకనులో ఇంచుమించు 2,000వ వంతు మాత్రమే. గంటకు 100 మైళ్ల వేగముతో వచ్చు క్లబ్బు ఆ కాలములో ఒక అంగుళమైనను సాగజాలదు. తాకిడి యొక్క వార్త చేతి నరముల గుండ మెదడునకు చేరుటకు సుమారు సెకనులో 50వ వంతు పట్టును. ఆ లోపల బంతి గజమునకు పైగా దాటిపోయి యుండును. కావున బంతి వెడలిన తరువాత ఆటగాడు చేతుల నెత్తినను, దించినను, ఒంటికాలిపై నిలిచినను, కూలబడినను, బంతికి దానితో పనిలేదు. బంతి పెడదారి పట్టినప్పుడు కొందరు నడుము వంచి, చేతులతో దానిని ఇవతలకు రమ్మని సైగలు చేయుదురు. బంతి ఆ సైగలను మన్నించిన వార్త నేటివరకు వినబడలేదు.

అట్లయిన ఒక్కొక్కరి తుది భంగిమ ఒక్కొక్క విధముగా నుండుటకు హేతువేమి? అతివేగముగా తిరుగుచున్న క్లబ్బును ఏదో యొకచోట ఆపవలెను; ఆపవలసినవాడు ఆటగాడే. అతని వేగమెంత, క్లబ్బు ఏ త్రోవను వచ్చినది, చేతులు దానిని త్రిప్పినవా లేక త్రిప్పకుండ బిగబట్టినవా, నడుమును భుజములును ఎంతవరకు తిరుగగలవు—వీని యన్నిటి ఫలమే ఆ భంగిమ. పొడవైన డ్రైవరు దేహము చుట్టును బల్లపరుపుగా తిరుగును గనుక భుజము చుట్టి వెనుకకు పోవును. పొట్టి క్లబ్బుతో మెల్లగా కొట్టినచో చేతులు రొమ్మునకు ఎదురుగానే ఆగిపోవచ్చును.

ఆర్నాల్డ్ పామర్ అను అమెరికా ఆటగాని నుదాహరింతును. 1958 మొదలు 1964 వరకు మాస్టర్సు పందెమును నాలుగు పర్యాయములు గెలిచిన ఈతని తుది భంగిమ లోకమంతటను ప్రసిద్ధము. చేతులు తలపైకి లేచి, క్లబ్బు గాలిలో సుడి తిరిగినట్లుండును. ఇది వింత కొరకు చేసినది కాదు. బలమైన దేహముతో మిక్కిలి గట్టిగా కొట్టు నతనికి బంతి ఎడమకు వంగిపోవునను భయముండెడిది. అందుచే క్లబ్బు ముఖము ఎడమకు మూసికొనిపోకుండ చేతులతో బిగబట్టి కొట్టెడివాడు. ఆ బిగువును ఆ వేగమును కలిసినప్పుడు క్లబ్బునకు పోవుటకు త్రోవ పైకే గలదు. తండ్రి లాట్రోబులోని గాల్ఫు మైదానమును కాపాడుచు, ఆటయందు శిక్షకుడుగాను నుండెను. ఆయన కుమారునికి క్లబ్బు పట్టుకొను విధమును శ్రద్ధతో నేర్పి, మిగిలిన దానిని వాని బలమునకు విడిచిపెట్టెను. మంచి ఉపాధ్యాయుడని నేననుట ఇట్టివానినే. ఆ పట్టు ఎరుగని పిల్లవాడు పామరు వలె చేతులను తలపై త్రిప్పినయెడల వానికి లభించునది భుజము నొప్పి మాత్రమే.

ఉద్దేశమును బట్టియు భేదము కలుగును. స్కాట్లండు దేశపు సముద్రతీర మైదానములలో గాలి బలముగా వీచును. అచ్చట బంతిని నేలకు దగ్గరగా పోనీయదలచినవాడు చేతులను తగ్గుగా ఉంచి ఊపును మధ్యలోనే ఆపివేయును. అతని భంగిమ అసంపూర్ణమని యెవడైన ననినచో, అనినవాడే ఆట నెరుగడు. పనిముట్టును బట్టియు ఇట్లే. బాబీ జోన్సు 1930వ సంవత్సరమున నాలుగు మహా పందెములను గెలిచినది హికరీ కర్ర క్లబ్బులతో. ఆ కర్ర మెలిపడెడిది గనుక మణికట్ల త్రిప్పుట ఎక్కువగా నుండెను. ఉక్కు కాడ వచ్చిన పిమ్మట ఆ యవసరము తగ్గెను. ఇక వాడుక యొకటి గలదు. 1970 ప్రాంతములలో జానీ మిల్లరు మొదలగువారు నడుమును ముందుకు త్రోసి, తలను వెనుక నిలిపి, వెన్నును వింటి వలె వంచి ముగించెడివారు. దానిని చూచి వేలకొలది జనులు వెన్నులు వంచిరి. అది వెన్నునకు భారమని తెలిసికొని, ఇప్పటి శిక్షకులు నిటారుగా నిలుచుటయే మేలనుచున్నారు.

దేహమును గూర్చి చెప్పవలసినది ఇంకను గలదు. కాల్విన్ పీటు అను నీగ్రో జాతి ఆటగాడు చిన్నతనమున పడి ఎడమ మోచేయి విరుగగొట్టుకొనెను. ఆ చేయి మరల పూర్తిగా చాపబడలేదు. ఎడమచేయి తిన్నగా నుండవలెనని గాల్ఫు పుస్తకములన్నియు ఘోషించుచుండగా, ఇరువది యేండ్లు దాటిన పిదపనే ఆట మొదలిడిన ఈతడు 1981 మొదలు 1990 వరకు వరుసగా 10 సంవత్సరములు అమెరికా వృత్తి ఆటగాండ్ర యందరిలోను బంతిని తిన్ననిదారిని కొట్టుటలో ప్రథముడుగా నిలిచెను. 12 పందెములు గెలిచెను. భంగిమకు మార్కులు వేయు పరీక్షకుడు ఈతనికి ఎన్ని మార్కులు వేసియుండును?

బెన్ హోగన్ చిత్రమొకటి గాల్ఫు ఆడువారందరికిని తెలిసినదే. 1950 జూనులో మెరియన్ మైదానమున, చివరి గుంటలో, ఒకటవ సంఖ్య ఇనుప క్లబ్బుతో కొట్టి నిలిచియున్నప్పుడు వెనుకనుండి తీసినది. దానికి 16 నెలల ముందు, 1949 ఫిబ్రవరిలో, అతని మోటారుకారును బస్సు ఢీకొనగా కటియెముకయు జత్రువును చీలమండయు విరిగెను. ఆ కాళ్లతో ఆ దినమున 36 గుంటలాడి, మరునాటి పందెములో జయము నొందెను. చిత్రమునందలి నిలుకడను మనము మెచ్చుకొందుము. ఆ నిలుకడ వెనుకనున్న వేలకొలది దినముల యభ్యాసము చిత్రములో కానరాదు.

ఇందుకు ప్రతివాదము గలదు, అది బలమైనదే. తుది భంగిమ ఫలమే యైనచో, అనుభవజ్ఞులగు శిక్షకులు బంతి నేల దిగువరకు కదలకుండ నిలువుమని యేల చెప్పుదురు? బంతివద్దనే ఆగుదునని తలచువాడు బంతిని చేరకమునుపే వేగమును తగ్గించును. ఊపును చివరివరకు సాగింతునని తలచువాడు అట్లు తగ్గింపడు. వెనుకకు తూలువాని బరువు ముందుకాలిమీదికి రాలేదని తెలియును. కావున తుది భంగిమ వైద్యుడు చూచెడి నాడి వంటిది. నాడిని చూచి రోగమును వెదకుట తగును గాని, వ్రేళ్లతో నాడిని సరిదిద్దబోవుట తగదు. నేనంగీకరించు ఆజ్ఞ యొక్కటే: పడిపోకుము. అదియైనను గారీ ప్లేయరు వంటివానికి వర్తింపదు; ఆయన కొట్టిన వెంటనే కుడికాలు ముందుకు వేసి నడచిపోవుటయు గలదు.

మన పాఠశాలలో గాల్ఫు లేదు. దానికి వలయు విశాలమైన పచ్చికబయలును, ఖరీదైన క్లబ్బులును మనకు లేవు. కాని క్రికెట్టు బంతి వేయు బాలురును, ఈటె విసరు బాలికలును ఉన్నారు. వారి వ్యాయామ పరీక్షాపత్రములో ‘ముగింపు భంగిమ’ యని యొక గడి గలదు. దానికి 5 మార్కులు. ఈటె అందరికంటె దూరము పోయినను చేయి పటములోని రీతిగా లేదని ఆ 5 మార్కులను పోగొట్టుకొన్న బాలిక నెరుగుదును. ఆమె భుజము పుట్టుకతోనే కొంచెము బిగువు. సృష్టికర్త అందరికిని ఒకే అచ్చు వాడలేదు. రాబోవు సంవత్సరమునుండి ఆ గడిని తీసివేసి, ఆ 5 మార్కులను దూరమునకును గురికిని పంచవలెనని వ్యాయామోపాధ్యాయులను కోరుచున్నాను. వారు అంగీకరింపనిచో, వారి ప్రత్యుత్తరమునకు వచ్చు సంచికలో తావుండునని సంపాదకులను ప్రార్థించుచున్నాను.