టేపుల ఇంట్లో వాటాలు

2011 ఫిబ్రవరిలో జీమెయిలు వాడేవారిలో పదివేలమందికి ఇద్దరి చొప్పున ఉత్తరాలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. గూగుల్ వారు వేరువేరు చోట్ల నకళ్లు దాచకపోలేదు. కాని ప్రోగ్రాములో దొర్లిన తప్పు వాటికీ పాకింది. చివరికి ఆదుకున్నది అయస్కాంతపు టేపు. డ్రైవులో లేని టేపును ఏ ప్రోగ్రామూ ముట్టుకోలేదు మరి!

ఇలాంటి టేపులకు పెద్దపెద్ద లైబ్రరీలున్నాయి. వరుసగా గూళ్లు, గూటికొక కార్ట్రిడ్జి. అరచేతిలో పట్టే ఎల్.టి.ఓ.-9 కార్ట్రిడ్జిలో కిలోమీటరుకు పైగా టేపు, అందులో 18 టెరాబైట్ల సమాచారం! లైబ్రేరియను మాత్రం మనిషి కాదు, మరచెయ్యి. బార్‌కోడు చూసి టేపును గుర్తుపట్టి, డ్రైవులో పెట్టి, పని కాగానే గూటికి చేరుస్తుంది.

ఒకే లైబ్రరీని నలుగురు వాడుకోవాలంటే? మన వాటాల ఇల్లే! నుయ్యి అందరిదీ, గదులు ఎవరివి వారివి. ఇక్కడా మరచెయ్యి ఉమ్మడి. గూళ్లూ, డ్రైవులూ మాత్రం పంచి ఇస్తారు. ఈ వాటాలనే పార్టిషన్లంటారు. ఆసుపత్రిలో జీతాల లెక్కల టేపు రోగుల రికార్డుల వాటాకు కనబడనే కనబడదు. కనబడని దాన్ని చెరిపేదెవరు?

పంపకంలోనే ఉంది మెలకువంతా. డ్రైవు దక్కని వాటాలో ఎన్ని టేపులున్నా చదివే దిక్కుండదు. ఖాళీ టేపు లేని వాటాలో ఆ రాత్రి నకలు ఆగిపోతుంది. బార్‌కోడు చీటీ ఊడిందా, ఆ టేపు పేరులేని బిడ్డే!

అన్నిటికన్నా ముఖ్యం, అప్పుడప్పుడు ఒక టేపు తీయించి చదివి చూడటం. దాచుకోవడం వేరు, అవసరానికి దొరకడం వేరు.